మస్తిష్కతరంగము సాక్షికి సాక్ష్యము కాదు

ఇటీవలి కాలమున ఆధ్యాత్మిక ప్రసంగములయందు ప్రమాణచర్చ క్షీణించి, దాని స్థానమున యంత్రప్రశంస ప్రవేశించినది. ఓంకారోచ్చారణ చేసినవాని శిరస్సుపై ఎలక్ట్రోడ్లు అమర్చగా ఆల్ఫా తరంగములు కనబడినవి కావున ప్రణవమాహాత్మ్యము నిరూపితమైనదని ఒకరు ప్రకటించుచున్నారు. దేవాలయ ఘంటానాదము ఏడు సెకన్లపాటు నిలిచి మెదడులోని రెండు అర్ధభాగములను ఏకము చేయునని మఱియొకరు చెప్పుచున్నారు. శ్రోతలు కరతాళధ్వనులు చేసి, వేదాంతము చివరకు విజ్ఞానశాస్త్రముచేత అంగీకరింపబడినదను సంతృప్తితో ఇండ్లకు పోవుచున్నారు. ఈ సంతృప్తి వెనుక దాగియున్న దోషము చిన్నది కాదు. శ్రుతిచేత మాత్రమే తెలియదగిన ఆత్మతత్త్వమునకు చర్మముపై అతికించిన లోహపుబిళ్ళను సాక్షిగా నిలబెట్టినచో ఆ తత్త్వమునకు గౌరవము కలుగుననుకొనుట భ్రాంతి. ఆ బిళ్ళ రేపు వేఱొక మాట చెప్పిన నాడు, దానిపై ఆధారపడిన శ్రద్ధకు గతి యేమి?

ఈ భ్రాంతిని తొలగించుటకు విజ్ఞానశాస్త్రమును నిందింపవలసిన పని లేదు. ఆ శాస్త్రము ఏమి కొలుచుచున్నదో శ్రద్ధగా తెలిసికొనిన చాలును. ఇంద్రియమునకు తగిలిన ఉద్దీపనము యొక్క తీవ్రత, వేగము, విరామము, వైలక్షణ్యము మాఱినకొలది మెదడులోని విద్యుత్ప్రతిస్పందన ఎట్లు మాఱునో నూఱు సంవత్సరములుగా పరిశోధకులు సూక్ష్మముగా లెక్కించియున్నారు. ఆ లెక్కలను చదివిన సాధకునకు ఒక విషయము కరతలామలకమగును: విషయముతోపాటు మాఱునదంతయు దృశ్యకోటిలోనిదే. దానిని చూపి ద్రష్టను స్థాపింపజూచుటయు, దానిని చూపి ద్రష్టను నిరాకరింపజూచుటయు ఒకే అవివేకమునకు రెండు ముఖములు.

యంత్రము కొలుచునది ఏమి?

1875లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున రిచర్డ్ కేటన్ అను వైద్యుడు కుందేళ్ళ, కోతుల మెదళ్ళనుండి సూక్ష్మ విద్యుత్ప్రవాహములను గుర్తించెను. 1924లో జర్మనీలోని యెనా నగరమున హాన్స్ బెర్గర్ మానవశిరస్సునుండి తొలిసారి అట్టి విద్యుత్తును లిఖింపజేసి, 1929లో ఆ ఫలితములను ప్రకటించెను. ఈఈజీ అను పరీక్షకు అదియే ఆరంభము. సెకనుకు ఎనిమిది మొదలు పదుమూడు పర్యాయములు ఊగు లయను ఆయన గుర్తించెను. అదియే నేడు ప్రసంగవేదికలపై మాఱుమ్రోగుచున్న ఆల్ఫా తరంగము. కన్నులు మూసినచో అది ప్రబలమగుననియు, కన్నులు తెఱచినచో అణగిపోవుననియు బెర్గర్ ఆనాడే చూపెను.

ఇక్కడ ఆగి ఆలోచింపవలెను. జపము చేయువాడు కన్నులు మూసికొని కూర్చుండెను. ఆల్ఫా లయ పెరిగెను. ఆ పెరుగుదల మంత్రమునుండి వచ్చినదా, కనుఱెప్పనుండి వచ్చినదా? భోజనానంతరము గోడకు జేరగిలబడి కన్నులు మూసికొన్న గృహస్థుని శిరస్సునుండియు అదే లయ వెలువడును. అతడు మంత్రమును తలచియుండలేదు, వైరాగ్యమును పొందియుండలేదు. పైగా ఆరోగ్యవంతులలోనే కొందఱికి కన్నులు మూసినను ఆల్ఫా లయ బహు స్వల్పముగా ఉండును. వారు జపమునకు అనర్హులని ఏ ప్రసంగకుడు చెప్పగలడు? ఒక లక్షణము లక్ష్యమునందు కొంతచోట లేకుండుట అవ్యాప్తి, లక్ష్యము కానిచోట ఉండుట అతివ్యాప్తి. ఆల్ఫా తరంగమును ధ్యానలక్షణముగా చెప్పిన మాటయందు ఈ రెండు దోషములును కలవు. తర్కశాస్త్రమున ప్రథమపాఠము చదివిన విద్యార్థియు ఈ లక్షణమును తిరస్కరించును.

స్వయముగా ఊగు ఈ లయ అటుండగా, ఉద్దీపనమునకు సమాధానముగా పుట్టు ప్రతిస్పందన మఱింత సూక్ష్మమైనది. శిరస్సుపై ఎల్లప్పుడును కొన్ని పదుల మైక్రోవోల్టుల విద్యుత్తు ఊగులాడుచుండును. ఒక చిన్న ధ్వని చెవిని తాకినప్పుడు కలుగు మార్పు కొద్ది మైక్రోవోల్టులు మాత్రమే. మైక్రోవోల్టు అనగా వోల్టులో పదిలక్షలవ వంతు. సంతలోని కోలాహలమున ఒక బాలుని గుసగుస వినబడనట్లు, ఒక్క ధ్వనికి కలిగిన ప్రతిస్పందన ఆ ఊగులాటలో మునిగిపోవును. కావున అదే ధ్వనిని పదేపదే వినిపించి, లభించిన లేఖలన్నిటిని సగటు చేయుదురు. 1950వ దశకారంభమున జార్జ్ డాసన్ లండనులో ఈ సగటు పద్ధతిని ఆచరణలోనికి తెచ్చెను. నూఱు పర్యాయములు సగటు చేసినచో సంబంధము లేని కోలాహలము పదవ వంతునకు తగ్గును, ధ్వనికి సంబంధించిన అంశము నిలుచును. అనగా పత్రికలలో చిత్రింపబడు ఆ అందమైన వక్రరేఖ ఏ ఒక్క క్షణమునందును ఏ ఒక్క మనుష్యుని అనుభవము కాదు. అది గణితముచేత వడపోయబడిన సగటు. అట్టి సగటును చూపి అపరోక్షానుభూతిని చూచితిమనుట సాహసము.

ఉద్దీపనగుణములు, ప్రతిస్పందన వికారములు

శబ్దము చెవిని తాకిన తరువాత పది మిల్లీసెకన్ల లోపలనే శ్రవణనాడినుండి మెదడుకాండమువరకు వరుసగా చిన్న అలలు పుట్టును. వానిలో అయిదవ అల ముఖ్యమైనది. ధ్వని బిగ్గరగా ఉన్నచో అది సుమారు అయిదున్నర, ఆరు మిల్లీసెకన్లకు వచ్చును. ధ్వనిని క్రమముగా తగ్గించి, వినబడీ వినబడని స్థాయికి తెచ్చినచో అదే అల సుమారు ఎనిమిది మిల్లీసెకన్లకు జరుగును. ఈ నియమము ఎంత స్థిరమైనదనగా, మాటలు రాని నవజాతశిశువు వినుచున్నదో లేదో వైద్యులు దీనినిబట్టియే నిర్ణయించుచున్నారు. శిశువు నిద్రించుచున్నను పరీక్షకు లోటు లేదు.

ధ్వని తాకిన సుమారు నూఱు మిల్లీసెకన్లకు శిరోమధ్యమున ఋణదిశగా మఱియొక పెద్ద అల కనబడును. దీనిని ఎన్-1 అందురు. ధ్వనితీవ్రత పెరిగినచో సాధారణముగా ఇది పెరుగును. ధ్వని ఆకస్మికముగా ఆరంభమైనచో ఉన్నతముగాను, మెల్లగా ఎగసినచో తగ్గి ఆలస్యముగాను వచ్చును. రెండు ధ్వనుల నడుమ కొన్ని సెకన్ల విరామమున్నచో విస్తరించును, అర సెకను మాత్రమే ఉన్నచో బహు క్షీణించును. ఇప్పుడు ఘంటానాదమును, ప్రణవోచ్చారణమును పోల్చి చూడుడు. నాలుక కంచును కొట్టిన క్షణమున ధ్వని ఒక్కుమ్మడిగా పుట్టును. ప్రణవము అకారమునుండి మెల్లగా ఎగసి, ఉకారమునందు సాగి, మకారమునందు లయించును. ఈ రెండిటికి మెదడు భిన్నముగా ప్రతిస్పందించుట నిశ్చయము. అయితే ఆ భేదము ధ్వన్యారంభము యొక్క వేగమునుండియే వచ్చును. అదే వేగముతో ఆరంభమగు లోహపు పళ్ళెపు చప్పుడు ఘంట పక్షమునను, అదే విధముగా మెల్లగా ఎగయు కర్మాగారపు కూత ప్రణవపక్షమునను చేరును. పవిత్రతను కొలుచు ముల్లు ఆ యంత్రమునందు లేదు.

దృష్టివిషయమునందును ఇట్టిదే నియమము. తెలుపు నలుపు గళ్ళు గల చదరంగపు పలక వంటి చిత్రమును చూపి, గళ్ళ వర్ణములను తారుమారు చేసినచో, సుమారు నూఱు మిల్లీసెకన్లకు శిరోపృష్ఠమున పి-100 అను అల పుట్టును. గళ్ళ పరిమాణము మార్చినచో దాని ఔన్నత్యము మాఱును. తెలుపు నలుపుల నడుమ వ్యత్యాసము తగ్గించినచో అది క్షీణించును. వెలుతురు తగ్గించినచో ఆలస్యమగును. ఒక దీపమును సెకనుకు పది మాఱులు మినుకుమినుకుమనిపించినచో దృష్టికేంద్రమున విద్యుత్తు సైతము అదే లయలో ఊగును, పండ్రెండు మాఱులైనచో పండ్రెండు. గర్భాలయమున నూనెదీపపు మందకాంతిలో మూర్తిని దర్శించువాని పి-100 అల, విద్యుద్దీపముల కాంతిలో దర్శించువాని అలకంటె ఆలస్యముగా వచ్చును. దానినిబట్టి నూనెదీపపు దర్శనము తక్కువ ఫలమిచ్చునని చెప్పుటకు ఎవడైన సాహసించునా? సాహసింపడు. అట్లయినచో తనకు అనుకూలమైన అల కనబడినప్పుడు మాత్రము దానిని ఫలప్రమాణముగా చాటుట ఏ న్యాయము?

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క వాక్యమున ఇముడును. ఉద్దీపనము మాఱినది, ప్రతిస్పందన మాఱినది. మాఱునది వికారి. వికారి అయినది తెలియబడునది. భగవద్గీత త్రయోదశాధ్యాయమున క్షేత్రమును వర్ణించుచు భగవానుడు మహాభూతములను, ఇంద్రియములను, ఇంద్రియవిషయములను మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ఇచ్ఛ, ద్వేషము, సుఖము, దుఃఖము, ధృతి అనువానితోపాటు చేతన అను అంతఃకరణవృత్తిని సైతము ఆ పట్టికయందే చేర్చెను. చైతన్యముచేత వెలుగొందుచు చైతన్యమువలె భాసించు ఆ వృత్తియే క్షేత్రమునకు చెందినదైనప్పుడు, ఆ వృత్తికి సహచరమైన మైక్రోవోల్టుల అల క్షేత్రజ్ఞుని జాడ ఎట్లగును?

యోగులపై పరీక్షలు, పరస్పరవిరుద్ధ ఫలితములు

యంత్రప్రశంసకులు తఱచు ఉదాహరించు పరీక్ష ఒకటి కలదు. న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థయందు బి. కె. ఆనంద్, జి. ఎస్. ఛినా, బల్దేవ్ సింగ్ అను ముగ్గురు పరిశోధకులు యోగుల మస్తిష్కతరంగములను పరీక్షించి 1961లో ఫలితములను ప్రకటించిరి. నలుగురు యోగులు ధ్యానమగ్నులై యుండగా తీవ్రమైన కాంతి, పెద్ద చప్పుడు, వేడి గాజుగొట్టపు స్పర్శ మొదలగు ఉద్దీపనములు ప్రయోగింపబడినవి. సామాన్యముగా అట్టి ఉద్దీపనములకు ఆల్ఫా లయ తెగిపోవలెను. వారియందు అది తెగలేదు. మఱి యిద్దఱు యోగులు నాలుగు డిగ్రీల చన్నీటిలో నలుబదియైదు మొదలు ఏబదియైదు నిమిషములవఱకు చేతిని ఉంచగా, ఆల్ఫా లయ నిలిచియే యుండెను. ఆ పరిశోధకులు శ్రద్ధావంతులు, వారి కృషి గౌరవింపదగినది. ఆ ఫలితమును విన్నవానికి ప్రత్యాహారము స్మరణకు వచ్చుట సహజము.

కథ అక్కడ ముగియలేదు. 1966లో జపానుదేశపు కసమాత్సు, హిరాయి అను పరిశోధకులు జెన్ సాధకులపై ఇట్టి పరీక్షయే చేసి ఫలితములను ప్రకటించిరి. క్లిక్ ధ్వనిని పదేపదే వినిపించగా, సామాన్యులలో ఆల్ఫా లయ మొదట తెగి, క్రమముగా అలవాటుపడి తెగకుండెను. జెన్ ఆచార్యులలో ప్రతి ధ్వనికిని, తొలిసారి విన్నట్లే, ఆల్ఫా లయ తెగెను. అనగా యోగులు ప్రతిస్పందింపలేదు, జెన్ సాధకులు అలయిక లేక ప్రతిస్పందించిరి. ప్రతిస్పందించకుండుటయే జ్ఞానచిహ్నమైనచో జెన్ ఆచార్యులు అజ్ఞానులు కావలెను. ఎల్లప్పుడు నూతనముగా ప్రతిస్పందించుటయే చిహ్నమైనచో యోగులు అజ్ఞానులు కావలెను. రెండును చిహ్నములే అన్నచో, ఏ ఫలితము వచ్చినను చిహ్నమే యగును. ఎట్టి ఫలితముచేతను బాధింపబడనిది ప్రమాణముగా కనబడవచ్చును, నిజమునకు అది ఏమియు చెప్పనిది.

1981లో బెకర్, షపిరో అను పరిశోధకులు జెన్, యోగ, భావాతీతధ్యాన సంప్రదాయములకు చెందిన అనుభవజ్ఞులను, ధ్యానము చేయని సామాన్యులను ఒకే పద్ధతిలో క్లిక్ ధ్వనులతో పరీక్షించి ఫలితములను వెల్లడించిరి. అందఱియందును ఆల్ఫా లయ తెగుట క్రమముగా తగ్గెను. ఆ తగ్గుదలలో వర్గముల నడుమ భేదము కనబడలేదు. పూర్వపు రెండు ఫలితములును ఇక్కడ పునరావృతము కాలేదు. వేదికలపై మొదటి పరీక్ష మాత్రమే వినబడును. రెండవది అరుదుగా వినబడును. మూడవది వినబడనే వినబడదు. సత్యమును వ్రతముగా స్వీకరించిన సంప్రదాయమునకు వారసులమని చెప్పుకొనువారు ప్రతికూల ఫలితమును దాచి అనుకూలమును మాత్రము చాటుట సత్యవ్రతమునకు తగునా? న్యాయశాస్త్రము వాదమును, జల్పమును వేఱుగా నిర్వచించినది. తత్త్వనిర్ణయముకొఱకు చేయునది వాదము, గెలుపుకొఱకు చేయునది జల్పము. ఈ ప్రచారము జల్పముకంటె పైకి పోలేదు.

మఱియొక సూక్ష్మము కలదు. మొదటి పరీక్ష ఫలితము అక్షరాల సత్యమైనను, అది చూపినది ఏమి? విషయములనుండి ఇంద్రియములు మఱలుట. యోగశాస్త్రమున ప్రత్యాహారము అయిదవ అంగము. ధారణ, ధ్యాన, సమాధులను అంతరంగములుగా చెప్పి, వానికి పూర్వమున్న అయిదింటిని పతంజలి మహర్షి బహిరంగములుగా నిలిపెను. కావున యంత్రము మిక్కిలి అనుకూలముగా మాటలాడిన దినమునందును అది ప్రాకారద్వారమువద్దనే నిలిచియున్నది. గర్భాలయమును చూచివచ్చితినని అది చెప్పలేదు. చెప్పినది దాని ప్రచారకులే.

భౌతికవాదుల తొందరపాటు

ఇది విని భౌతికవాది సంతోషింపరాదు. మెదడులోని విద్యుత్ప్రతిస్పందనయే చైతన్యమను అతని వాదము ఇదే పరీక్షలయెదుట నిలువదు. శస్త్రచికిత్సలో మత్తుమందు క్రింద స్మృతిలేక పడియున్న రోగియందును మెదడుకాండపు శ్రవణతరంగములు దాదాపు యథాతథముగా కనబడును. శస్త్రచికిత్సలో శ్రవణనాడికి హాని కలుగకుండ కాపాడుటకు వైద్యులు దానినే గమనించుచుందురు. వరుసగా ఒకే స్వరము వినిపించి నడుమ ఒక భిన్నస్వరమును చొప్పించినచో, వినువాడు పుస్తకము చదువుకొనుచు ధ్వనిని పట్టించుకొనకున్నను మెదడు ఆ భేదమునకు ప్రతిస్పందించును. ఫిన్లండు పరిశోధకుడు నాటానెన్, ఆయన సహచరులు 1978లో దీనిని వెల్లడించిరి. కోమాయందున్న కొందఱు రోగులలో సైతము ఈ ప్రతిస్పందన కనబడును. గాఢనిద్రలో తలుపు తట్టినచో మెదడునందు మెలకువనాటికంటె పెద్ద అల పుట్టుట కలదు. నిద్రించినవాడు లేచి, ఏమియు వినలేదని చెప్పును. అల ఉన్నది, విన్నానను జ్ఞానము లేదు. ఇక రెండును ఒక్కటే యెట్లగును?

దీనికి వ్యతిరేకదిశలో మఱియొక చిత్రమైన ఫలితము కలదు. క్రమమైన కాలములో వచ్చుచున్న ధ్వనుల వరుసలో, రావలసిన ఒక ధ్వని రాకుండెను. శ్రోత దానికై ఎదురుచూచుచుండెను. ధ్వని లేని ఆ క్షణమునకు సుమారు మూడువందల మిల్లీసెకన్ల తరువాత, లేదా మఱికొంత ఆలస్యముగా, స్పష్టమైన అల పుట్టును. శబ్దము లేదు, చెవిని తాకినది లేదు, అయినను ప్రతిస్పందన కలదు. అభావము తెలియుటకు అనుపలబ్ధి అను ప్రత్యేకప్రమాణము కావలెనని భాట్టమీమాంసకులు, అద్వైతులు చెప్పిరి. అక్కరలేదు, ప్రత్యక్షముచేతనే అది తెలియునని నైయాయికులు వాదించిరి. ఈ అల ఆ వివాదమును తీర్చజాలదు. కాని మెదడు కేవలము బయటి తాకిడికి మ్రోగు తప్పెట కాదనియు, నిరీక్షణము, శ్రద్ధ, సంస్కారము అనువానిచేత అది రూపుదిద్దబడుననియు మాత్రము చూపును. మనస్సు వేఱొకచోట ఉన్నప్పుడు ఎదుటనున్నదియు కనబడదు, వినబడదు అను విషయమును బృహదారణ్యకోపనిషత్తు ఎన్నడో ఎత్తిచూపినది. 1973లో అమెరికాలో హిల్యార్డ్, ఆయన సహచరులు రెండు చెవులలో వేర్వేఱు స్వరములను వినిపించి, శ్రద్ధ ఉంచిన చెవికి సంబంధించిన ఎన్-1 అలయే పెద్దదగునని కనుగొనిరి.

భౌతికవాది ఇచ్చట మఱియొక మాట అనవచ్చును. తొలి అలలు జ్ఞానముతో ముడిపడియుండకున్నను, మూడువందల మిల్లీసెకన్ల అల వంటివి విన్నానను నివేదనతో కూడియుండును కదా, అని. కూడియుండవచ్చును. దానిచేత వేదాంతమునకు కలుగు నష్టమేమి? మనస్సు జడమనియు, భూతసూక్ష్మములనుండి ఏర్పడినదనియు చెప్పినది వేదాంతమే. ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రమే త్రాగుమనెను. ఆ పిదప వేదమును చెప్పుమనగా శ్వేతకేతువునకు ఏ మంత్రమును స్ఫురింపలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదంతయు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని ఆ తండ్రి నేర్పిన విధమిది. అన్నము లేక మనస్సు క్షీణించునని స్వయముగా పరీక్షించి చూపిన సంప్రదాయము, మనోవృత్తికి తోడుగా మెదడులో విద్యుత్తు కదలునని విన్నంతమాత్రమున భయపడవలసిన పని లేదు. వృత్తికి సహచరమైనది వృత్తికోటిలోనే నిలుచును. వృత్తి ఉన్నప్పుడును, లేనప్పుడును ప్రకాశించు సాక్షి ఆ లెక్కకు విషయము కాదు.

ప్రమాణములకు హద్దులు కలవు

కొందఱు సదుద్దేశముతో ఇట్లు ఆక్షేపింతురు: నేటి యువకులు యంత్రము చెప్పిన మాటనే నమ్ముదురు, వారిని సాధనవైపు త్రిప్పుటకు ఈ మార్గము ఉపకరించును కదా? ఈ ఆక్షేపమునందు కరుణ కలదు, దూరదృష్టి లేదు. 1961 నాటి ఫలితమును నమ్మి వచ్చిన యువకుడు 1981 నాటి ఫలితమును తానే ఒకనాడు చదువును. అతడు అప్పుడు ఆ ఫలితమునుమాత్రమే కాక, దానిని తనకు బోధించిన ఉపదేశకుని సైతము వదలును. ఉపదేశకునితో ఉపనిషత్తును సైతము వదలును. అబద్ధమైన హేతువుతో సత్యమును నిలబెట్టినవాడు ఆ సత్యమునకే శత్రువగును, ఏలయనగా హేతువు కూలినప్పుడు వినువానికి సత్యమే కూలినట్లు కనబడును.

ప్రమాణము అనగా అంతకుపూర్వము తెలియనిదానిని తెలియజేయునది, మఱియొకదానిచేత బాధింపబడనిది. కన్ను రూపమును తెలుపును, చెవి శబ్దమును తెలుపును. చెవితో రూపమును నిరూపించుటకు పూనుకొన్నవాడు రూపమును గాని చెవిని గాని గౌరవించినవాడు కాడు. అగ్ని చల్లనిదని నూఱు శ్రుతివాక్యములు చెప్పినను, ప్రత్యక్షవిరుద్ధమగుటచేత ఆ విషయమున అవి ప్రమాణము కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యమున నిష్కర్షగా చెప్పిరి. ప్రత్యక్షమునకు దాని హద్దులో సార్వభౌమత్వమును ఆచార్యులు అంగీకరించిరి. అదే న్యాయమునకు రెండవ ముఖము కలదు. శ్రుతికి మాత్రమే విషయమైన ఆత్మస్వరూపమును నూఱు యంత్రములు ఏకకంఠముతో పలికినను స్థాపింపజాలవు, నూఱు యంత్రములు ఏకకంఠముతో నిషేధించినను తొలగింపజాలవు. యంత్రము ఇంద్రియమునకు పొడిగింపు. ఇంద్రియము చేరని చోటునకు దాని పొడిగింపును చేరదు.

సాధకునకు కలుగు హాని

ఈ చర్చ పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. నేడు లలాటమునకు కట్టుకొను పట్టీలు అంగడిలో లభించుచున్నవి. చరవాణితెఱపై ధ్యానమునకు మార్కులు వేయునవి అవి. లలాటముపై ఎలక్ట్రోడు పెట్టినచో కంటిఱెప్ప కదలికనుండి పుట్టు విద్యుత్తు, మెదడు ప్రతిస్పందనకంటె అనేకరెట్లు పెద్దదై దానిని కప్పివేయును. దవడ, నాలుక, నొసలు కదలినప్పుడు కండరములు పుట్టించు విద్యుత్తు, ముఖ్యముగా సెకనుకు ఇరువదికి మించిన వేగముగల తరంగములలో చొచ్చి, మెదడుదే అనునట్లు కనబడును. పైకి మంత్రము ఉచ్చరించుచున్నవాని లేఖయందు నాలుక పనియెంతో, మెదడు పనియెంతో విడదీయుట నిపుణులకే కష్టము. ఆ పట్టీ చూపిన అంకెనుబట్టి తన జపము ఫలించినదని ఒకడు ఉప్పొంగును, ఫలింపలేదని మఱియొకడు క్రుంగును. ఇరువురి మనస్సును ఇష్టదేవతను వదలి తెఱపైనున్న అంకెకు అంటుకొనెను. ఏకాగ్రత కొఱకు కొన్న వస్తువు చిత్తవిక్షేపమునకు నూతన ఆలంబనమైనది. సిద్ధులే సమాధికి ఉపసర్గములని యోగశాస్త్రము హెచ్చరించుచుండగా, ఈ అంకెలు సిద్ధులుకూడ కావు.

ముప్పది సంవత్సరములు నిష్ఠతో జపము చేసిన ఒక వృద్ధురాలు ఆ పట్టీని కట్టుకొన్నదనుకొనుడు. వయస్సుచేత ఆల్ఫా లయ నెమ్మదించును, చెవుడుచేత శ్రవణతరంగము ఆలస్యమగును, కంటిపొరచేత దృష్టితరంగము క్షీణించును. యంత్రపు లెక్కలో ఆమె ఓడిపోవును. ఆమె పక్కన కూర్చున్న పదునెనిమిదేండ్ల మనుమడు, మనస్సంతయు క్రికెట్టుమీద ఉన్నను, కన్నులు మూసినంతనే గెలుచును. సాధనను ఉద్దీపనగుణములకు, శరీరవయస్సునకు బద్ధమైన కొలతతో కొలిచినచో కలుగు అన్యాయమిది. ఆ వృద్ధురాలి క్షమను, నిర్భయత్వమును, మరణమును తలచినను చెదరని ప్రశాంతతను ఆ పట్టీ చూడలేదు. వానిని చూడగలుగునది ఆమెతో కలసి జీవించినవారి హృదయమే.

విజ్ఞానశాస్త్రము పట్ల అవజ్ఞ ఈ విమర్శకు అర్థము కాదు. శిశువు చెవిటితనమును మాటలు నేర్చు వయస్సునకు ముందే కనిపెట్టుట, దృష్టినాడి వాపును తరంగవిలంబముచేత గుర్తించుట, శస్త్రచికిత్సలో నాడిని కాపాడుట, ఇవన్నియు భూతదయకు రూపములే. ఆ శాస్త్రమును దాని క్షేత్రమునందు పూజింపవలెను. క్షేత్రజ్ఞునకు అది కిరీటము పెట్టవలెనని కోరరాదు. క్షేత్రజ్ఞునకు కిరీటము అక్కరలేదు. తెఱపై వక్రరేఖ ఎగసినప్పుడు ఎగసినదని, అణగినప్పుడు అణగినదని తెలిసికొనుచున్నది ఎవరు? ఆ ప్రశ్నను పట్టుకొని లోపలికి పోవువానికి తీగలు, పట్టీలు, అంకెలు తమంతట తామే జాఱిపోవును. అతనికి మిగిలిన పని శ్రవణము, మననము, నిదిధ్యాసనము మాత్రమే.

ఓం తత్సత్.